అలీ వర్సెస్ టైసన్: మొదటి నాలుగు రౌండ్లు గడిస్తే ఏంటి?

ఎప్పుడూ జరగని, ఇక జరగబోని మ్యాచ్ ఒకటి ఈరోజు మాట్లాడుకుందాం. మహమ్మద్ అలీ, మైక్ టైసన్. ఇద్దరూ తమ బెస్ట్‌లో ఉన్నప్పుడు ఎదురెదురుగా నిలబడితే ఎవరు గెలుస్తారు?

ముందు ఏ అలీ, ఏ టైసన్ అన్నది తేల్చుకోవాలి. లేకపోతే ఈ వాదన తెల్లారేదాకా తెగదు. నేను తీసుకునే అలీ 1966 నవంబర్ అలీ. హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడో రౌండ్లోనే ముగించినవాడు. మరుసటి ఏడాది సైన్యంలో చేరనన్నందుకు టైటిల్ లాగేసుకున్నారు. మూడున్నరేళ్లు రింగ్ లేదు. తిరిగొచ్చాక అలీ వచ్చాడు గానీ ఆ కాళ్లు రాలేదు. ఇక టైసన్ అంటే 1988 జూన్ టైసన్. అట్లాంటిక్ సిటీలో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడేసిన కుర్రాడు. అప్పటికి ట్రైనర్ కెవిన్ రూనీ ఇంకా మూలలో ఉన్నాడు. రూనీ పోయాక టైసన్ తల కదలిక కూడా పోయింది, అందుకే ఈ తేదీ.

అలీ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, టైసన్ 5 అడుగుల 10. చేతుల చాపు అలీకి 78 అంగుళాలు, టైసన్‌కి 71. బరువులో పెద్ద తేడా లేదు. అంటే అలీ దూరం నుంచి జాబ్ వేస్తూ ఉంటాడు, టైసన్ ఆ జాబ్ కిందనుంచి దూరి లోపలికి రావాలి. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మనం టైసన్‌ని చూసింది ఎక్కువగా రీల్స్‌లో. రీల్‌లో 91 సెకన్లు పడతాయి, 12 రౌండ్లు పట్టవు కదా! అందుకే 1987 మార్చిలో బోన్‌క్రషర్ స్మిత్‌తో ఆడిన మ్యాచ్ మీ ఫీడ్‌లోకి రాదు. నిజం చెప్పాలంటే అది చూడ్డానికి పరమ బోర్. 6 అడుగుల 4 అంగుళాల స్మిత్, టైసన్ దగ్గరికొచ్చిన ప్రతిసారీ పట్టేసుకున్నాడు. రెఫరీ పాయింట్లు కోసినా వదల్లేదు. టైసన్ ఈజీగానే గెలిచాడు, కానీ 12 రౌండ్లూ ఆడాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో పొడుగరి టోనీ టక్కర్ కూడా చివరిదాకా నిలబడ్డాడు. పొడుగ్గా ఉండి, భయపడకుండా, చేతులు కట్టేయగలిగినవాడు ఎదురైతే టైసన్ పని నెమ్మదించేది.

మరి అలీకి అది వచ్చా? అలీ అనగానే డాన్స్ గుర్తొస్తుంది. కానీ దగ్గరికొచ్చినవాడి మెడ మీద చెయ్యేసి తల కిందికి నొక్కడంలో ఆయన్ని మించినవాడు లేడు. 1974 జనవరిలో జో ఫ్రేజియర్‌తో రెండో మ్యాచ్ చూడండి. రాత్రంతా అదే పని. రూల్ ప్రకారం తప్పే, రెఫరీ చూసీ చూడనట్టు వదిలేశాడు. కాబట్టి మన మ్యాచ్‌కి రెఫరీ ఎవరు అన్నది చిన్న విషయం కాదు.

ఇప్పుడు టైసన్ ఫ్యాన్స్ అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. అలీకి ఎడమ హుక్ అంటే పడదు కదా? అవును. ఆయనకి తలని నిటారుగా వెనక్కి లాక్కునే అలవాటు, చేతులు కిందికి వదిలే అలవాటు. 1963లో లండన్‌లో హెన్రీ కూపర్ నాలుగో రౌండ్ చివర్లో ఎడమ హుక్‌తో కూలేశాడు. 1971లో ఫ్రేజియర్ పదిహేనో రౌండ్లో అదే హుక్‌తో పడేశాడు. టైసన్ హుక్ వీళ్లిద్దరి హుక్ కన్నా వేగం. పైగా ఫ్రేజియర్ మెల్లగా వేడెక్కే రకం, టైసన్ బెల్ కొట్టగానే మీద పడతాడు. కుడిచేత్తో పక్కటెముకల కింద ఒకటి, అదే చేత్తో గడ్డం కింద అప్పర్‌కట్ ఇంకొకటి. ఆ కాంబినేషన్ ఫ్రేజియర్ దగ్గర లేదు. కాబట్టి "ఫ్రేజియర్‌ని ఓడించాడు, టైసన్‌నీ ఓడిస్తాడు" అనే లెక్కని నేను ఒప్పుకోను.

కానీ ఇంకో సంగతి చూడండి. కూపర్ పడేశాక అలీ ఏం చేశాడు? లేచి, తర్వాతి రౌండ్లోనే మ్యాచ్ ముగించాడు. ఫ్రేజియర్ పడేస్తే నాలుగు సెకన్లకే లేచి నిలబడ్డాడు. పడ్డవాడు లేస్తే టైసన్ ఏం చేస్తాడన్నది 1990 ఫిబ్రవరిలో టోక్యోలో చూశాం. ఎనిమిదో రౌండ్లో బస్టర్ డగ్లస్ పడ్డాడు, లేచాడు, పదో రౌండ్లో టైసన్‌నే నాకౌట్ చేశాడు. ఆ రోజు టైసన్ సరిగ్గా తయారై రాలేదు, మూలలో రూనీ లేడు. అందుకే ఆ మ్యాచ్‌ని నేను సాక్ష్యంగా సగమే తీసుకుంటాను. అయినా డగ్లస్ వాడిన పనిముట్లు ఏంటి? పొడుగు జాబ్, వెనకే కుడిచెయ్యి, దగ్గరికొస్తే పట్టుకోవడం. అవన్నీ 1966 అలీ దగ్గర ఇంకా పదునుగా ఉన్నాయి, వాటికి తోడు కాళ్లు.

సరే, నా లెక్క. మొదటి రెండు రౌండ్లు టైసన్‌వి. మూడో రౌండ్లో అలీ ఒకసారి కింద పడతాడు, నాకు అందులో అనుమానం లేదు. లేస్తాడు, మెడ పట్టుకుంటాడు, బెల్ దాకా లాక్కొస్తాడు. నాలుగు కూడా గండమే. అయిదు నుంచి టైసన్ ఒక్కో పంచే విసరడం మొదలుపెడతాడు, జాబ్ తగలడం పెరుగుతుంది. ఎడమ కన్ను వాస్తుంది. పదకొండో రౌండ్లో రెఫరీ ఆపేస్తాడు. పదిసార్లు ఆడిస్తే ఆరు అలీవి, నాలుగు టైసన్‌వి, ఆ నాలుగూ నాలుగో రౌండ్ లోపే. పట్టుకోవడాన్ని మొదటి రౌండ్ నుంచే గట్టిగా ఆపే రెఫరీ దొరికితే మాత్రం నేను అయిదు–అయిదుకి దిగుతాను.

వచ్చే ఎపిసోడ్‌లో 1973 ఫోర్‌మన్‌ని ఇదే టైసన్ ముందు నిలబెడదాం. అది పదకొండు రౌండ్ల దాకా పోదు లెండి.