తాయెత్తు తీసిన చోట

సర్వోన్నతుడైన అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపై దరూద్ పంపుతూ ఈ జుమా ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాము.

ధార్మిక సోదరులారా! 'సెక్యులర్' అనే మాట వినగానే మన మనసు రెండు వైపులకు లాగుతుంది. రాజ్యాంగాన్ని తలచుకున్నప్పుడు అది మనకు రక్షణ; ఇంట్లో కొడుకు నమాజు మానినప్పుడు అదే మనకు శత్రువు. ఈ తికమకకు కొంత కారణం భాషే. ఉర్దూలో కొందరు దానిని 'లాదీనియత్' అన్నారు, అంటే మతమే లేకపోవడం. తెలుగులో 'లౌకికం' అన్నాము, అంటే లోకానికి సంబంధించినది. మూలానికి దగ్గరగా ఉన్నది తెలుగు మాటే. లాటిన్‌లో 'సేకులుమ్' అంటే యుగం, ఈ లోకపు కాలం. మఠవాసం చేయక జనం మధ్య ఉండి సేవచేసే గురువును కాథలిక్కులు నేటికీ 'సెక్యులర్' గురువు అంటారు. అది చర్చి ఇంట పెరిగిన మాట.

దీని ఆధారంగా మేము మదరసాలో ఒక సులువైన పాఠం నేర్చుకున్నాము. లౌకికీకరణ క్రైస్తవ్యపు వ్యాధి. వారికి చర్చి ఒకవైపు, రాజు మరొకవైపు. ఇస్లాంలో ఆ విభజన లేదు గనుక మనకు ఆ వ్యాధి సోకదు. ఈ మిమ్బర్ మీదనుంచి మేమే ఈ మాట ఎన్నోసార్లు చెప్పాము. ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేము.

పాశ్చాత్య తత్త్వవేత్తలలోనే దీనిపై పెద్ద వివాదమున్నది. జర్మన్ పండితుడు కార్ల్ లోవిత్ 1949లో ప్రచురించిన గ్రంథంలో, ఆధునికుల 'ప్రగతి' విశ్వాసం క్రైస్తవుల రక్షణ చరిత్ర వేషం మార్చుకున్న రూపమేనని వాదించాడు. చరిత్ర ఒక గమ్యంవైపు నడుస్తున్నదనే నమ్మకం మిగిలింది. నడిపించే దేవుడిని మాత్రం మరిచారు. హాన్స్ బ్లూమెన్‌బెర్గ్ 1966లో దీనిని ఖండించాడు. ఆధునికయుగం చర్చి దగ్గర అప్పు తెచ్చుకున్నది కాదని, మానవుడు తన కాళ్ళపై తాను నిలబడే ప్రయత్నంలో పుట్టినదని ఆయన వాదం. అయితే ఆయనే మరొక సూక్ష్మమైన సంగతి చెప్పాడు. మతం కొన్ని ప్రశ్నలను మనుషులలో నాటి వెళ్ళింది. పాత జవాబులు కూలినా ఆ ప్రశ్నల పీటలు ఖాళీగా మిగిలాయి. కొత్త భావాలు వచ్చి వాటిమీద కూర్చున్నాయి, తమకు మించిన బరువు నెత్తికెత్తుకున్నాయి. లోవిత్ వాదం వినసొంపుగా ఉన్నా, మాకు ఈ ఖాళీ పీటల మాటే నిజమని తోస్తున్నది.

మమ్మల్ని మరింత కలవరపెట్టినది కెనడా తత్త్వవేత్త చార్ల్స్ టేలర్ 2007లో వెలువరించిన గ్రంథం. ఆయన స్వయంగా కాథలిక్కు. సైన్సు వచ్చింది గనుక మతం పోయింది అనే లెక్కను ఆయన ఒప్పుకోడు. దేవుణ్ణి నమ్మకపోవడం ఊహకైనా అందని స్థితినుంచి, విశ్వాసం అనేక దారులలో ఒకటిగా మిగిలిన స్థితికి పాశ్చాత్యులు చేరారంటాడు. ఆ బాట వేసినవారెవరు? చాలావరకు భక్తులే! 1215లో రోమ్‌లో జరిగిన నాల్గవ లాటరన్ సభ, ప్రతి క్రైస్తవుడూ ఏడాదికొకసారైనా గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవాలని శాసించింది. సామాన్యుణ్ణి కూడా సంపూర్ణ భక్తునిగా మార్చాలనే ఆ తపన శతాబ్దాల పాటు సాగింది. తరువాత వచ్చిన ప్రొటెస్టెంట్ సంస్కర్తలు పునీతుల అవశేషాలను, వాటి మహిమలమీది నమ్మకాన్ని తుడిచివేయబూనారు. విశ్వాసం మనసులోనికి, క్రమశిక్షణలోనికి ఒదిగింది. కొన్ని తరాలు గడిచేసరికి ఆ క్రమశిక్షణ దేవుడు లేకున్నా నడవగలదని జనానికి తోచింది.

సోదరులారా! ఇది చదువుతుంటే మాకు జ్ఞాపకం వచ్చినవి మన పల్లెలు. పీర్ల చావిళ్ళకు, దర్గా మొక్కులకు, తాయెత్తులకు వ్యతిరేకంగా ముప్పయ్యేళ్ళుగా బోధిస్తున్నాము. తౌహీద్ విషయంలో ఆ బోధను నేడూ వెనక్కి తీసుకోము. కాని ఒక ఇంట్లో జరిగినది దాచకుండా చెప్పాలి. ఒక పసిబిడ్డ చేతికున్న తాయెత్తును మేమే తీయించాము. ఆ బిడ్డ నాయనమ్మ ఎదురు చెప్పలేదు. "సరే సాబ్, తీసేశారు. రాత్రిపూట బిడ్డ ఉలిక్కిపడితే నేనేం చదవాలి?" అని మాత్రం అడిగింది. మళ్ళీ వచ్చి ఆయతుల్ కుర్సీ నేర్పుతామని మాట ఇచ్చాము. మళ్ళీ వెళ్ళేసరికి పద్నాలుగు నెలలైంది. బిడ్డ చేతికి తాయెత్తు లేదు. ఆ ఇంట్లో దుఆ కూడా లేదు. కొడుకు మర్యాదగా కుర్చీ వేసి, "డాక్టరు మందు ఇచ్చాడు, ఇంక భయమేమీ లేదు సాబ్" అన్నాడు. మందు వాడటం మన ప్రవక్త వారు ప్రోత్సహించినదే. అందులో దోషం లేదు. అవ్వ మాత్రం మమ్మల్ని మళ్ళీ ఏమీ అడగలేదు.

ఆ ఇంటిని అలా చేసినది ఏ చర్చీ కాదు, ఏ తత్త్వవేత్తా కాదు. పీట ఖాళీ చేసినవారము మేమే.

వచ్చే ఆదివారం జుహర్ తరువాత ఆ ఊరికి వెళుతున్నాము. ఆయతుల్ కుర్సీని తెలుగు అర్థంతో ఓపికగా నేర్పగలిగిన సోదరులు, వీలైతే వారి ఇంటి స్త్రీలు కూడా, మాతో రావలసిందిగా కోరుతున్నాము. నమాజు తరువాత పేర్లు ఇవ్వండి.

అల్లాహ్ మమ్మల్ని, మిమ్మల్ని, సమస్త విశ్వాసులను క్షమించుగాక. ఆమీన్.