దంపతుల దేశయాత్ర

(యాత్రికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వివాహాలలో కాశీయాత్ర అనే వేడుక ఉన్నది. వరుడు గొడుగు, చేతికర్ర ధరించి కాశీకి బయలుదేరుతాడు. వధువు సోదరుడు ఎదురేగి, గృహస్థాశ్రమం స్వీకరింపుమని బతిమాలి వెనుకకు తీసుకొని వస్తాడు. నా వివాహంలో అట్లు ఆగిన యాత్ర ముప్పది అయిదేండ్ల తరువాత, ఉద్యోగ విరమణానంతరం మరల ఆరంభమైనది. మన కారులో, మనమిద్దరమే, 28 రాష్ట్రాలూ చూడవలెనని సంకల్పించుకొన్నాము.

ఇంతటి యాత్ర ఒక్క విడతలో సాగదు. ఋతువులను బట్టి విభజించుకోవలెను. ద్వాదశ జ్యోతిర్లింగాలు 8 రాష్ట్రాలలో విస్తరించి ఉన్నవి. రామేశ్వరానికి, సోమనాథానికి శీతకాలం అనుకూలం. కేదారనాథ ఆలయాన్ని ఏప్రిల్ చివరనో, మే నెలలోనో తెరచి, భగినీహస్తభోజనం నాడు మూసివేస్తారు. నడుమ వర్షాలలో కొండచరియలు విరిగిపడుతుంటాయి. ఆషాఢంలో అంబుబాచి సమయాన కామాఖ్య ఆలయం మూడు రోజులు మూసి ఉంటుంది. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్ రాష్ట్రాలకు వెళ్లే ఇతర ప్రాంతాలవారు ఇన్నర్ లైన్ పర్మిట్ ముందుగా పొందవలెను. ఇవన్నీ ఒక పుస్తకంలో వ్రాసుకొన్నాను. చూసిన రాష్ట్రానికి ఎదురుగా ఒక గీత పెట్టేవాడను. ఆ గీతలే నాకు క్రమంగా ముఖ్యమైపోయినవి.

ఉత్తరాఖండ్‌లో నా తప్పు తెలిసివచ్చినది. మన వాహనం సోన్‌ప్రయాగ వరకే పోతుంది. స్థానిక వాహనంలో గౌరీకుండం చేరి, అక్కడినుండి సుమారు 16 కిలోమీటర్లు కొండ ఎక్కవలెను. కొంత దూరానికే నా భార్యకు మోకాలు పట్టివేసినది. గుర్రమంటే ఆమెకు భయం. డోలీ మరునాడు దొరుకుతుందన్నారు. ఒక్క దినం ఆగితే తరువాతి మజిలీలు తప్పుతాయని నేను తొందరపడ్డాను. “మీరు వెళ్లి రండి, నేను గౌరీకుండంలో ఉంటాను” అన్నది. వెళ్లాను.

సన్నిధిలో అర్చకులు సంకల్పం చెప్పుతూ, “ధర్మపత్ని పేరు?” అని అడిగారు. చెప్పాను. చెప్పిన క్షణాన ఆమె పదహారు కిలోమీటర్ల దిగువన ఒంటరిగా ఉన్నదని స్ఫురించి కంఠం పూడుకొనిపోయినది. ఆ రాత్రి పైననే ఉండవలసి వచ్చినది. వాన కురిసినది, ఫోను కలవలేదు. మరునాడు దిగివచ్చేసరికి ఆమె బస వాకిట కుర్చీలో కూర్చొని ఉన్నది. రాత్రంతా అక్కడనే ఉన్నదట. “దర్శనం బాగా జరిగిందా అండీ?” అని మాత్రమే అడిగినది. సమాధానం చెప్పలేకపోయాను.

ఆ సాయంకాలం ఉత్తరాఖండ్ గీతను కొట్టివేశాను. నాటినుండి మాది ఒకటే నియమం: ఇద్దరమూ చూస్తేనే లెక్క. దినానికి 300 కిలోమీటర్లకు మించి పోము. చీకటిపడిన తరువాత కారు నడపను. అయిదవ దినం విశ్రాంతి. ఎక్కడ ఆగవలెనో ఆమె మోకాలు నిర్ణయిస్తుంది.

మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో సుమారు నూరు మంది పరివారంతో మద్రాసునుండి కాశీయాత్రకు బయలుదేరి, తిరిగి చేరడానికి పదిహేను నెలలకు పైగా తీసుకొన్నారు. అంత మందిని వెంటబెట్టుకొన్నవానికి తొందర కుదరదు. ఒక్కరినే వెంటబెట్టుకొన్న నేను ఆ ఒక్కరికోసం ఒక దినం ఆగలేకపోయాను.

నేటికి 18 రాష్ట్రాలు పూర్తి అయినవి. వచ్చే కార్తీకం తరువాత ఈశాన్యానికి పోయి కామాఖ్యను, ఉదయపురంలోని త్రిపురసుందరిని, పరశురామ కుండాన్ని సేవించుకోవలెనని ఉన్నది. అంతకుముందే, మే నెలలో మరల కేదారం. ఈసారి ముందుగా సిద్ధపరచుకొన్నది డోలీనే. మిగిలినవి చూడగలిగినన్ని చూస్తాము. మిగిలిపోతే విచారం లేదు.

యాత్రకు బయలుదేరే దంపతులారా! మార్గాన్ని మీలో బలవంతులైనవారి వేగంతో కాక, అలసినవారి అడుగుతో కొలుచుకొనండి. మీ యాత్రలు సుఖంగా, సఫలంగా సాగుగాక!

స్వస్తి.