కన్ను చూచును, మెదడు కూర్చును



మచిలీపట్నమునకును దివిసీమకును చేరువనున్న కూచిపూడి నృత్యమునందు నర్తకి పళ్లెము అంచుపై నిలిచి తరంగమాడునప్పుడు పాదములు ఒక తీరున, హస్తములు వేరొక తీరున, కన్నులు మరియొక తీరున కదలుచుండును. ఐనను ప్రేక్షకునకు గోచరించునది చెదరిన కదలికల గుంపు కాదు, ఒక్క నర్తకియే. ఇన్ని చలనములను కూర్చునది మెదడు.

మెదడులో దృష్టికి సంబంధించిన తొలి కణములు, చిన్న కిటికీనుండి వీధిని చూచువానివలె, దృశ్యములో స్వల్పభాగమునే గ్రహించును. ఆ తునకను బట్టి వస్తువు ఏ దిక్కునకు పోవుచున్నదో నిశ్చయింపరాదు. తునకలన్నిటిని కలిపి మొత్తము గమనమును నిర్ణయించుటకు వేరొక చలనకేంద్రము కలదు.

చీకటిలో ఎద్దుబండి చక్రపు అంచునకు ఒక్క దీపము కట్టినచో, బండి సాగుచుండగా అది ఎగిరెగిరి పడుచున్నట్లు తోచును. ఇరుసువద్ద రెండవ దీపమును పెట్టినంతనే మొదటిది దాని చుట్టును తిరుగుచున్నట్లు కనబడును. ఇట్టి వింతను జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ డంకర్ 1929లో వివరించెను. స్వీడను దేశపు గున్నార్ యోహాన్సన్ మనిషి కీళ్లకు వెలుగుచుక్కలు అమర్చి, తక్కిన దేహము కనబడకుండ చేసి, ఫలితములను 1973లో ప్రకటించెను. మనిషి కదలనంతవరకు అవి వట్టి చుక్కలే. నడచినంతనే చూచువారు మనిషిని గుర్తించిరి.

ఈ శక్తి చూచి నేర్చునదా? హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో, పుట్టుశుక్లములు తొలగించుకొనిన వారిని హాంబర్గు విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి పరీక్షించి, 2015లో ఫలితములు ప్రకటించిరి. శైశవమున చూపులేకున్నను, చుక్కలలో మనిషి నడకను వారు గుర్తింపగలిగిరి. కాని పెక్కు చుక్కలు కలిసి ఏ దిక్కునకు సాగుచున్నవో గ్రహించు శక్తి మాత్రము, అట్టివారికి కొంత తరిగియుండునని కెనడా పరిశోధనలు తెలుపుచున్నవి. ఒక శక్తి నిలిచినది. మరియొకటి తొలినాళ్ల చూపును కోరుచున్నది.

కావున పసిబిడ్డ కనుపాపలో తెల్లదనము కనబడినచో, పెద్దయిన పిదప చూతమని ఉపేక్షింపరాదు. వెంటనే నేత్రవైద్యునకు చూపవలెను. పుట్టుశుక్లమునకు తొలి వారములలోని చికిత్సయే ఉత్తమము. ఆలస్యమైనను చికిత్స వ్యర్థము కాదు. బిడ్డనెత్తుకొని గుడివాడకో బందరుకో పోయినందున పొలము పని ఒక పూట ఆగవచ్చును. ఆ పనిని మరునాడు చేసికొనవచ్చును. శిశువు చూపు నేర్చుకొను కాలము మరల రాదు.