ప్రెస్సు చీకటి గదిలో మన ముఖాలు

(అంబేద్కర్ జయంతి సభలో, బెజవాడలో ప్రాసెస్ కెమెరా ఆపరేటరుగా పనిచేసిన సోదరుని ప్రసంగ పాఠం)



ప్రెస్సు అంటే మీకు గుర్తొచ్చేది గడగడమనే మిషను. నా పని దానికంటే ముందుది. మిషనెక్కాలంటే ఫొటోని ముందు ఫిల్ము చెయ్యాలి. ఆ కెమెరా మెడలో వేసుకునేది కాదు, గదంతా అదే. ఒక చివర బోర్డుకి ఫొటో బిగించి, రెండు పక్కలా ఆర్కు లైట్లు వేస్తాం. మధ్యలో లెన్సు. రెండో చివర చీకటి గదిలో ఉంటది, ఫిల్ము పెట్టేది అక్కడే.

ఆ గదిలో ఎర్రబల్బు ఒక్కటే. ఆ ఫిల్ముకి ఎరుపు కనపడదు. దాని కింద కామందైనా కూలోడైనా ఎర్రగానే ఉంటాడు! కాని ఓనరు లోపలికొచ్చేవాడు కాదు. ఫార్మాల్డిహైడు వాసనకి కళ్లు మండేవి. మందుల్లో నాని వేళ్లు పగిలేవి. గ్లౌజులడిగితే "నీ చేతులకేమవుద్దిరా" అన్నాడు. మందు 20 డిగ్రీలు దాటితే ఫిల్ము చెడిపోద్ది. బెజవాడ ఎండలకి ట్రే కింద ఐసు పెట్టేవాళ్లం. మందుకి ఐసు, మాకు మంచినీళ్లు వేరే గ్లాసులో.

అసలు సంగతికొస్తా. మిషనుకి తెలిసినవి రెండే, సిరా అంటించటం, అంటించకపోవటం. బూడిదరంగు దానికి చేతకాదు. అందుకని ఫిల్ము మీద చుక్కల స్క్రీను వేసి తీస్తాం. అచ్చులో వెలుగున్నచోట చిన్న చుక్క, నీడలో పెద్ద చుక్క. న్యూస్‌ప్రింటుకి అంగుళానికి 65 నుంచి 85 లైన్లు, ఆర్టు పేపరుకి 133, 150. ముతక కాగితం సిరా పీల్చి చుక్కని ఉబ్బిస్తది. నీడలో చుక్కలన్నీ కలిసి మసిముద్దయిపోద్ది.

1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్లు ఎనిమిదిమందిని చంపారు. తెనాలిలో తలదాచుకున్నవాళ్ల ఫొటోతో ఒక కరపత్రం మా ప్రెస్సుకొచ్చింది. గోడమీది చార్టు ప్రకారం టైమిచ్చి తీశా. ప్రూఫులో ముసలమ్మ తెల్లచీర ఉంది, చేతికర్ర ఉంది, ముఖం లేదు. నల్లమచ్చ. "మీవాళ్లు నల్లోళ్లు గదా, అంతే వస్తది" అన్నాడు ఫోర్‌మన్. నేనూ కాసేపు నమ్మాను. సిగ్గుపడాల్సిన మాటే, మీ దగ్గర దాచేదేముంది.

తర్వాత తట్టింది. ఆ చార్టు పౌడరు పూసిన పెళ్లి ఫొటోలకి, సినిమా బొమ్మలకి కట్టింది. మన ముఖాలకి కాదు. ఫ్లాష్ ఎక్స్‌పోజరని ఒకటుంది. ఫొటో తీశాక, స్క్రీను ఉండగానే ఫిల్ముకి చిన్నబల్బుతో ఇంకొంచెం వెలుగివ్వటం. అప్పుడు నీడలో కూడా సన్నచుక్క పుడుతుంది, అచ్చులో అక్కడ సిరా అంటదు. చార్టులో ఉన్నదానికంటే ఎక్కువిచ్చి చూశా. మూడు ఫిల్ములు పాడయినయ్, ఆ డబ్బు నా జీతంలో కోశారు. నాలుగోదాంట్లో ముసలమ్మ కళ్లు కనపడ్డయ్, చెంపల ముడతలు కనపడ్డయ్. అదే అచ్చయింది.

బాబాసాహెబు 1920లో మూక్‌నాయక్, 1927లో బహిష్కృత భారత్ పెట్టింది మన మాట మనమే అచ్చేసుకోవాలని. మాటకి పత్రికలు పెట్టుకున్నాం. ముఖం సంగతి ఎవరికప్పజెప్పాం?

ఆ కెమెరాలు ఇప్పుడు పాత ఇనుముకి పోయినయ్. కంప్యూటరు నుంచి ఫిల్ము లేకుండానే ప్లేటు వస్తంది. అయినా పోయిన నెల మన సంఘం కరపత్రం చూశా, ముందువరసలో కూర్చున్న ఆడోళ్లందరూ నల్లముద్దలే. సెల్‌ఫోన్లో బాగానే ఉండుంటది. ఫోను వెలుగిస్తది, కాగితం ఇవ్వదు.

కాబట్టి ఫొటో తీసేవాళ్లు ఎండకి వీపు పెట్టించి మనిషిని నిలబెట్టొద్దు. అరుగుమీద నీడలో, ముఖం వీధివైపు పెట్టించండి. డీటీపీ కుర్రోడికి "ముఖం తెల్లగా చెయ్యి" అనొద్దు, వాడు మైదా పూసినట్టు చేస్తాడు. "నీడలు తెరువు, రంగు ఉండనివ్వు" అనండి. వెయ్యి కాపీలు కొట్టకముందు అదే కాగితం మీద ఒక్క ప్రూఫు తీయించి, ఫొటోలో ఉన్న మనిషికే చూపించండి.

వచ్చేవారం కరపత్రానికి ఫొటోలు తెచ్చినవాళ్లు ఉంటే సభ అయ్యాక ఆ వేపచెట్టు కిందికి రండి, అక్కడే ఉంటా.