కర్నల్ మెకంజీ – మన గ్రామ కైఫియత్తులు

సేనానుల జీవితములను వారు గెలిచిన యుద్ధములనుబట్టి ఎంచుట లోకమున వాడుక. కర్నల్ కాలిన్ మెకంజీ జీవితమునకు ఆ కొలత చాలదని మేము ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

ఆయన స్కాట్లండునకు చేరిన లూయిస్ ద్వీపమున 1754 ప్రాంతమున జన్మించెను. 1783లో మద్రాసునకు వచ్చి తూర్పు ఇండియా కంపెనీ సైన్యమున ఇంజనీరయ్యెను. తొలినాళ్లలో నెల్లూరు, గుంటూరు సీమలలో పనిచేసెను. 1799లో శ్రీరంగపట్టణ ముట్టడిలోను, 1811లో జావా దండయాత్రలోను పాల్గొనెను. 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలయ్యెను. 1821లో కలకత్తా చెంత మరణించెను.

సైన్యము నడచుటకు దారులు, ఏరులు, కనుమలు తెలియవలెను. అందుకై దేశమును కొలువబూనిన మెకంజీ పొలిమేరలతో తృప్తినొందలేదు. ఊరు ఎవరు కట్టిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి, చెరువెవరు త్రవ్వించిరి అని అడిగించెను. కరణములు మొదలగువారు తెలిపిన వృత్తాంతములే కైఫియత్తులు. నేడు ప్రత్తిచేల నడుమ, మిరపతోటల నడుమ నున్న మన పల్లెలెన్నిటి కథలో వానియందు నిలిచియున్నవి.

అమరావతిలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్టణము కట్టించునపుడు దీపాలదిన్నెను త్రవ్వి ఇటుకలు, రాళ్లు తీసిరి. 18వ శతాబ్ది చివర దానిని చూచిన మెకంజీ 1816లో మరల వచ్చి శిల్పములకు చిత్రములు వ్రాయించెను. పిదప కనుమరుగైన కొన్ని శిల్పముల రూపము ఆ కాగితములందే మిగిలినది.

అయితే మన భాషలు తనకు రావని మెకంజీయే ఒప్పుకొనెను. ఆయనకు కన్నులును చెవులును అయినవారు ఏలూరి కావలి సోదరులు. 1803లో వెంకట బొర్రయ్య పిన్నవయసుననే మరణింపగా, తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ భారమును వహించెను. మెకంజీ అనంతరము ఆ కృషిని కొనసాగింప తనకు అవకాశమిమ్మని లక్ష్మయ్య కోరెను. 1830 తరువాతి యేండ్లలో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పెద్దలు, అంతటి పనికి ఒక దేశీయుడు చాలడని త్రోసిపుచ్చిరి. ఏండ్ల తరబడి ఆ పని చేసినవానికి లభించిన బహుమానమిది!

ఆ సంపుటములకు కర్నలు పేరున్నది, ఉండదగినదే. తన సొమ్మును, తీరికను వాని సేకరణకు ధారపోసినవాడాయన. కాని మన ఊరి కైఫియత్తు చేతబట్టినప్పుడు, ఆ ప్రశ్న కర్నలుదైనను, ఊరూర అడిగిన నోరు, చెప్పిన నోరు, వ్రాసిన చేయి మనవారివేయని మనము తలంపవలెను.