మౌనము చెప్పెడి వార్త

ఒక ఊరినుండి మరియొక ఊరికి జాబు వ్రాసినప్పుడు అది ఏ దారిని పోవునో మనము విచారింపము. ఆ భారము తపాలా వారిది. నేడు కంప్యూటర్లనుండియు, చేతి టెలిఫోనులనుండియు మనము పంపెడి మాటలును బొమ్మలును గూడ ఇట్లే దారులు పట్టి పోవుచున్నవి. ప్రతి వార్తయు చిన్న చిన్న తునుకలై, ఒక్కొక్క తునుకపైనను చిరునామా ధరించి బయలుదేరును. వీనిని ప్యాకెట్లందురు. దారులు కలిసెడి ప్రతి కూడలియందును ఒక యంత్రముండి, ఆ చిరునామాను చూచి ఇటు పొమ్మని పంపును. దానికి రౌటరని పేరు.

ఈ రౌటర్లకు పైన పెత్తందారు లేడు. ప్రతి రౌటరును పొరుగు రౌటర్లతో మాటలాడి, విన్నదానినిబట్టి తన దారుల పట్టికను తానే వ్రాసికొనును. ఆ సంభాషణకు ఏర్పరచిన కట్టుబాటును రౌటింగు ప్రోటోకాలందురు. దారులన్నియు బాగున్నంత కాలము దాని ప్రజ్ఞ మనకు కనబడదు. ఒక తీగ తెగినప్పుడే దానికి పరీక్ష.

తీగ తెగినదని తెలియుటెట్లు? తెగిన తీగ తాను తెగితినని చెప్పజాలదు గదా! మన యింటి రేడియో మూగవోయినప్పుడు కేంద్రము ఆగినదో, కరెంటు పోయినదో, పెట్టెయే చెడినదో వెంటనే తెలియదు. కాని వార్తల వేళకు వార్తలు రానిచో ఏదో జరిగినదని గ్రహింతుము. రావలసిన మాట రాకుండుటయే అచట వార్త. రౌటర్లును ఈ సూక్ష్మమునే పాటించుచున్నవి. ఓ.యస్.పి.యఫ్. అను పద్ధతిలో రౌటర్లు సాధారణముగా 10 సెకనులకొకసారి ఒండొంటిని పలుకరించుకొనును. 40 సెకనులు పలుకు వినబడనిచో పొరుగు పోయినదని నిశ్చయించును. అంతకు పాతదైన రిప్ అను పద్ధతిలో 30 సెకనులకొకసారి కబురు వచ్చును; 180 సెకనులు రానిచో దారి పోయినట్లు లెక్క. ఆ మూడు నిమిషములును ప్యాకెట్లు నూతిలో పడినట్లే.

అట్లయిన ఇంకను త్వరగా శంకింపరాదా యని అడుగవచ్చును. శంకింపవచ్చును. సెకనునకు 20 సారులు పలుకరించి, మూడు పలుకులు తప్పగనే కీడు శంకించెడి పద్ధతియు గలదు. కాని తొందరపాటునకు వెల యున్నది. పని యొత్తిడిలో ఒక రౌటరు పలుకుట కొంచెము ఆలసించినచో, బ్రదికియున్నదానిని పొరుగువారు చచ్చినదని చాటుదురు. అందరును పట్టికలు మార్చుకొందురు. అంతలో అది పలుకును. మరల అందరును మార్చుకొందురు. దారి నిజముగా తెగినదానికంటె ఈ అలజడియే ఎక్కువ చేటు. కావున ఎంతసేపు ఓర్వవలెను, ఎప్పుడు శంకింపవలెను అనునది ప్రతి నిర్వాహకుడును తూచి తేల్చుకొనవలసిన విషయము.

ఇక తెలిసినదానిని నలుగురకు తెలుపుట రెండవ చిక్కు. తొలినాటి పద్ధతి వినికిడి పద్ధతి. వరుసగా మూడు ఊళ్లున్నవనుకొందము. రెండవ ఊరికిని మూడవ ఊరికిని నడుమ దారి తెగినది. అది తెలియని మొదటి ఊరు, "మూడవ ఊరికి నా దారిని రెండు మజిలీలు" అని యథాప్రకారము చెప్పును. ఆ దారి తనమీదుగా పోవునదే యని రెండవ ఊరికి తెలియదు. "అట్లయిన నాకు మూడు మజిలీలు" అని వ్రాసికొనును. అది విని మొదటి ఊరు నాలుగు అనును. ఇట్లు లెక్క పెరుగుచుండగా ప్యాకెట్లు రెండూళ్ల నడుమ బంతివలె తిరుగుచుండును. 16 మజిలీలన్నచో దారి లేదని అర్థమని రిప్ పద్ధతిలో హద్దు పెట్టిరి. ఎవరివలన విన్నదో వారికే దానిని తిరిగి చెప్పరాదనియు నియమించిరి. ఇవి కొంతవరకు మేలుచేసెను.

అంతకంటె మేలైన ఉపాయము మరియొకటి. ఎవరును విన్నదానిని చెప్పరాదు. తన వాకిటి దారుల స్థితిని మాత్రము అందరకును చాటవలెను. ఆ చాటింపులన్నిటిని కూర్చి ప్రతి రౌటరును పూర్తి పటము గీసికొని, దగ్గరి దారిని తానే లెక్కించుకొనును. ఆ లెక్కకు డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన విధానము ఆధారము. 1969లో అమెరికాలో నాలుగు కూడళ్లతో ఆరంభమైన ఆర్పానెట్ మొదట వినికిడి పద్ధతిని అనుసరించి, 1979లో ఈ పద్ధతికి మారెను.

అయినను 1980 అక్టోబరు 27న ఆ ఆర్పానెట్ కొన్ని గంటలపాటు స్తంభించెను. తీగలేవియు తెగలేదు. ఏది కొత్త చాటింపో తెలియుటకై ప్రతి చాటింపునకు ఒక అంకె వేసెడివారు. ఆ అంకెలు గడియారపు అంకెలవలె, 63 తరువాత మరల సున్నకు వచ్చుచుండెను. ఒక యంత్రపు జ్ఞాపకశక్తి చెడి, ఒకే కూడలి చాటింపు 8, 40, 44 అను మూడు అంకెలతో బయలుదేరెను. చుట్టు లెక్కలో 8 కంటె 40 కొత్తది, 40 కంటె 44 కొత్తది, 44 కంటె మరల 8 కొత్తది! ఆ మూడింటికి అంతము లేకపోయెను. యంత్రములన్నియు వానిని అందించుకొనుటలోనే మునిగి, అసలు పనిని మానెను. తరువాతి కాలపు ఓ.యస్.పి.యఫ్.లో అంకెలు చుట్టు తిరుగక ముందునకే సాగునట్లు చేసిరి. చాటింపునకు ఆయుర్దాయము గూడ గలదు: అరగంటకొకసారి క్రొత్తగా చాటవలెను, గంట దాటినది చెల్లదు.

దారి తెగినది మొదలు రౌటర్లన్నియు ఒకే పటమునకు వచ్చువరకు గల వ్యవధియే అసలు గండకాలము. ఒకే సంస్థ లోపల అది సెకనులలో ముగియవచ్చును. సంస్థకును సంస్థకును నడుమ, దేశమునకును దేశమునకును నడుమ బి.జి.పి. అను మరియొక పద్ధతి నడచును. అందు ఈ వ్యవధి సగటున మూడు నిమిషములని, ఒక్కొక్కప్పుడు పదునైదు నిమిషములని 2000లో ప్రకటించిన పరిశోధన తేల్చినది. వేరు దారి యుండుటయు ముఖ్యమే. 2008 జనవరి 30న ఈజిప్టు తీరమున సముద్రగర్భపు తీగలు తెగినప్పుడు మన దేశమునకు పడమటి దారి ఇరుకై, రాకపోకలలో కొంత భాగము తూర్పు సముద్రములమీదుగా మళ్లవలసివచ్చెను. రౌటర్లు ఉన్న దారిని వెదకగలవు గాని లేని దారిని వేయజాలవు.

దూరదేశముననున్న బిడ్డతో మాటలాడుచుండగా తెరమీది బొమ్మ ఒక్కొక్కప్పుడు నిలిచిపోయి, కొన్ని సెకనులలో మరల కదలును. కారణములు పెక్కు లుండవచ్చును. వానిలో ఒకటి మాత్రము ఇది: ఎచటనో ఒక యంత్రము పొరుగువాని మౌనమును విని, కన్నదానిని కన్నట్లు నలుగురకు చెప్పెను, వారందరును ఒక్కమాటపైకి వచ్చిరి.