ఇంటిలోని వెలుతురు



జి.కొండూరులో మా తాతగారు కట్టించిన మండువా లోగిలి యొకటి కలదు. దూలములకు చెద పట్టినది, పెంకులు జారుచున్నవి. అన్నదమ్ములమందరము కూడి దానిని పడగొట్టి డాబా కట్టుకొనుటకు నిశ్చయించితిమి. ఆ మాట విని మా మేనత్త, "కట్టుకోండిరా, కాదనను. ఇల్లు పోకముందు లోపలంతా ఫోటోలు తీసి నాకు చూపించండి" అన్నది.

నేను సెల్‌ఫోను తీసికొని, దాని ఫ్లాషు దీపము వెలిగించి, గదిగదికిని తిరిగి 40 చిత్రములు తీసితిని. ఆమె కళ్లజోడు సవరించుకొని చూచి, "ఇది మన ఇల్లు కాదురా అబ్బాయీ! మన ఇల్లు ఎన్నడైనా ఇంత తెల్లగా ఉన్నదా?" అన్నది.

నా తప్పు నాకప్పుడు తెలిసినది. మండువా ఇంటికి వెలుతురు పైనుండి వచ్చును. ఆకాశమునకు తెరచిన నడిమిభాగమున దిగి, నాపరాళ్లపై బడి, సున్నపు గోడలకు తగిలి, వసారా దాటి గదులలోనికి పోవుసరికి సన్నగిల్లును. గది చివర చీకటి మిగులును. ఆ తరుగుదలయే ఆ ఇంటి రూపము. ఫ్లాషు దీపము దానిని తుడిచివేసినది.

పెంకు సందున దూరిన ఎండ నేలపై గుండ్రని బిళ్లగా పడుటయు, సూర్యగ్రహణమునాడు ఆ బిళ్ల నెలవంక యగుటయు మీరెరుగుదురు. అది సూర్యుని ప్రతిబింబమే. కెమెరాకు మూలసూత్రమును అదియే. 1835 ఆగస్టులో ఇంగ్లండున టాల్బట్ అను నాతడు లాకాక్ అబ్బే యను తన గృహములో చిన్న చెక్కపెట్టె నుంచి, అద్దాల కిటికీ రూపమును వెండి లవణము పూసిన కాగితముపై దింపెను. అట్టి పెట్టెలను ఆయన భార్య ఎలుకబోనులని పిలిచెడిది! ఆ చిత్రము తపాలాబిళ్ల యంతటిదే. అయినను భూతద్దముతో చూచిన సుమారు 200 అద్దపు పలకలను లెక్కింప వీలయ్యెనని ఆయన వ్రాసియుంచెను.

మన హైదరాబాదులో రాజా దీనదయాళు (1844-1905) బషీరుబాగు భవనపు లోపలి శాలలను చిత్రించెను. ఆ భవనము తరువాత నేలమట్టమైనది. ఆ శాలలను నేడు చూడగోరువారికి ఆ చిత్రములే దిక్కు.

మరునాడు నేను చేసిన పని చెప్పెదను; మీ మనుమలచేత మీరును చేయింపవచ్చును. మొదట విద్యుద్దీపములన్నియు ఆర్పించితిని. దీపపు పసుపు కాంతియు, పగటి కాంతియు కలిసిన రంగులు చెడును. ఎండ సూటిగా పడని వేళ నెంచుకొంటిని: తూర్పు గదికి సాయంకాలము, పడమటి గదికి ఉదయము. మబ్బు పట్టిన దినమైన మరియు మేలు. గదికి ఒక్క ద్వారము తెరచియుంచి తక్కినవి మూయించితిని. వెలుతురు ప్రక్కనుండి పడునట్లు నిలిచితిని. అప్పుడు రోటి గుంటయు, తలుపు చెక్కడమును నీడతో తేలును.

మసక వెలుతురున చిత్రము పడుటకు ఎక్కువసేపు పట్టును. ఈలోపల చేయి కదలిన చిత్రము చెదరును. కావున ఫోనును పీటపై నిలిపి, వెనుక బియ్యపు మూట ఆనించి, పది సెకండ్ల గడువు పెట్టి ప్రక్కకు తొలగితిని. తెరపై వెలుగు పడిన చోటును వ్రేలితో తాకి కాంతిని కొంచెము తగ్గించితిని; లేనిచో వాకిలి తెల్లని మరక యగును. మనిషి ముఖము మరీ నల్లబడినప్పుడు, నీడ వైపున నులకమంచము నిలువబెట్టి దానిపై తెల్లపంచె పరచిన చాలును.

ఈ పర్యాయము తీసినవి పండ్రెండు చిత్రములే. మేనత్త వానిని చూచుచు చాలసేపు మాటాడలేదు. పిదప పడమటి గది చిత్రములో, ఏమియు కానరాని నల్లని మూలపై వ్రేలుంచి, "ఇక్కడ గాదె ఉండేది. మీ నాయన చిన్నప్పుడు దాని చాటునే దాక్కొనేవాడు" అన్నది. మొదటి చిత్రములలో ఆ మూల స్పష్టముగనే కనబడినది. అప్పుడామెకు గాదె జ్ఞాపకము రాలేదు.

మీ ఊళ్లలోను ఇట్టి ఇండ్లు పడిపోవుచున్నవి. పలుగు పడకముందు, ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్క దినము ఆ ఇంటికై వెచ్చింపుడు. చిత్రములను కాగితముపై వేయించి, వెనుక గది పేరును, సంవత్సరమును, అందున్నవారి పేర్లను మీ చేతివ్రాతతోనే వ్రాయుడు. ఆ పేర్లు తెలిసినవారు మీరే గదా. ఇక సెలవు.